ఆరాయా, ఎండాయా?

సూర్యుడి చేత జీతం లేకుండా అదనపు పని చేయించినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. నమ్మనివాళ్ళు మా సంఘం షెడ్డు దగ్గరికి వచ్చి చూసుకోవచ్చు. ఆయన తన మానాన తాను కాసి పోతుంటే, ఒక తడి తువ్వాలు చూపించి, 'ఇటు రావయ్యా స్వామీ' అని పిలిచి, దారి మళ్ళించి, చేసిన పనే రెండోసారి చేయించాను. నాకు పెద్ద చదువులేమీ లేవు. కాకపోతే మా బడిలో పంతులుగారు నన్ను ఎండలో నిలబెట్టినన్ని సార్లు ఇంకెవర్నీ నిలబెట్టలేదు. అందుకని చిన్నప్పట్నుంచీ ఎండతో నాకు చనువెక్కువ.

సరే, గొప్పలకేం, తర్వాతైనా చెప్పుకోవచ్చు. ముందు షెడ్డు సంగతి చెప్పాలి.

అది పొడుగాటి రేకుల గది. కప్పు మీద, అద్దం మూతల కింద నల్లరంగు పూసిన పెట్టెలుంటాయి. ఎండకు వాటిలో గాలి కాగుతుంది. ఫ్యాను ఆ గాలిని గొట్టంలోంచి లాగి గదిలోకి నెడుతుంది. గదికి రెండు వైపులా ట్రేల వరసలు, ట్రేల మీద అనాసపండు చక్రాలు. గాలి వాటి మీదుగా ఒళ్ళు రాసుకుంటూ పోయి అటు చివరి కిటికీలోంచి బయటపడుతుంది. మబ్బు పట్టినా పొద్దు వాలినా ఫ్యాను ముందున్న కరెంటు హీటరు వేసుకోవాలి. యంత్రమంటే ఇంతే. రైతుల సంఘం దీన్ని కట్టించింది. మా కోడలు దీన్ని నడుపుతుంది. మా చిన్నమ్మాయి బుల్లి ఎండిన ముక్కల్ని పెట్టెలకెత్తుతుంది. నేను బోర్లించిన బుట్ట మీద కూర్చుని పళ్ళ నెత్తి మీది పిలకలు మెలితిప్పి పీకుతాను. ఎవరి హోదా వారిది.

ఆ ఉదయం మా కోడలు రబ్బరు చేతితొడుగులు వేసుకుని పండు చెక్కుతోంది. అనాసపండుతో ఒక చిక్కుంది. మనం దాన్ని తినేలోపల అదే మన చేతుల్ని తినేస్తుంది. తొడుగుకు చిన్న చిల్లు పడినా వేళ్ళు మండిపోతాయి. ఆమె పండును బల్ల మీద నిలబెట్టి, పైనుంచి కిందికి తోలు దింపి, కళ్ళలా ఉండే నల్లచుక్కల్ని వరసగా ఏటవాలు గాడి కోసి తీసేస్తుంది. చూస్తుంటే పండుకు జడ వేస్తున్నట్టుంటుంది.

ప్రెసిడెంటమ్మ గొడుగు మూయకుండానే గుమ్మంలోకి వచ్చింది. మా సంఘానికి అధ్యక్షురాలు. ఎక్కడికొచ్చినా కూర్చోదు. కూర్చుంటే పని ఆలస్యమవుతుందని ఆమె నమ్మకం.

"పొద్దున్నే హీటరు వేశావేంటమ్మా?"

"వేశానండీ."

"బయట ఎండ లేదా?"

"ఉందండీ."

"మరి?"

మా కోడలు గాడి కోయడం ఆపలేదు. "పోయినసారిలా అవుతుందేమోనని..."

"పోయినసారి పచ్చి ముక్కలు ఎండాయని చెప్పి పెట్టెలకెత్తించావు. కొన్నవాళ్ళు మూత తీస్తే బూజు. ఈసారేమో మీటరు గుర్రంలా పరిగెడుతోంది. తోటలకు నీళ్ళు తోడే మోటారు కూడా ఇంత కరెంటు తాగదు. సంఘంలో నేనేం సమాధానం చెప్పను?"

పెట్టెల దగ్గర బుల్లి తల వంచుకుని, తుడిచిన మూతనే మళ్ళీ తుడుస్తోంది.

"ఈ వారం చూస్తాను," అంది ప్రెసిడెంటమ్మ. "మీటరు దిగకపోతే హీటరు వైరు పీకించేస్తాను. షెడ్డులో ఎరువు బస్తాలు పెట్టుకుంటామని సంఘంలో కొందరు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

ఆమె వెళ్ళాక కూడా ఆ గొడుగు నీడ గుమ్మంలో ఉన్నట్టే అనిపించింది. మా కోడలు కత్తి కింద పెట్టి కప్పు వైపు చూసింది. ఆ నల్లపెట్టెలకు రంగు వేసింది ఆమే. కొనేవాళ్ళు చిన్న పళ్ళని ఏరి పక్కన పడేస్తే, రోడ్డు పక్కన పారబోసిన ఆ గుట్టల్ని చూడలేక, సంఘం మీటింగులో లేచి నిలబడి ఈ షెడ్డు అడిగింది కూడా ఆమే. హీటరు లేకుండా మబ్బు రోజున ముక్కలు నిలవవు. ముక్కలు నిలవకపోతే షెడ్డు ఉండదు. చిన్న పళ్ళు మళ్ళీ రోడ్డెక్కుతాయి.

"ఎరువు బస్తాలట," అంది. మళ్ళీ కత్తి అందుకుంది.

మధ్యాహ్నం ఫ్యూజు వచ్చాడు. అతను కరెంటు పనివాడు. అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. హీటరు మూత విప్పి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, వైర్లు ఒక్కొక్కటే లాగి చూశాడు.

"హీటరు నిక్షేపంలా ఉందక్కా. మీటరు కూడా బాగానే ఉంది."

"మరి కరెంటంతా ఎటు పోతోంది?"

"వేడిగా మారుతోంది."

"వేడి ఎటు పోతోంది?"

ఫ్యూజు నా వైపు చూశాడు. నేను పిలక వైపు చూశాను.

"వైరు గురించి అడుగక్కా, చెప్తాను. గాలి గురించి నన్నడిగితే ఎలా?"

ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. తప్పిపోయిన దూడను వెతికినట్టు ఆ వేడిని వెతకడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ కవరు ఒకటి సన్నగా చీల్చి, ఆ పీలికను పుల్లకు కట్టి, ఫ్యాను దగ్గర్నుంచి బయల్దేరింది. పీలిక ఎటు ఊగితే అటు నడుస్తోంది. తలుపు సందు దగ్గర ఆగింది. ట్రేల వరస కింద వంగింది. పై ట్రేలోంచి ఒక చక్రం తీసి రెండుగా చించి చూసింది. పైన తోలులా గట్టిపడింది. లోపల నొక్కితే రసం ఊరుతోంది.

"బుల్లీ, ఇది చూడు. పొద్దున్నుంచి ఇంత వేడి పెడితే, తోలు కట్టుకుని కూర్చుంది. లోపలి తడికి బయటికొచ్చే దారే లేదు."

"అందుకేగా రాత్రంతా హీటరు నడుస్తోంది," అంది బుల్లి. అని, అనవసరంగా అన్నానేమో అన్నట్టు వెనక్కి తిరిగిపోయింది.

పీలిక పట్టుకుని కోడలు చివరికి వెనక కిటికీ దగ్గరికి చేరింది. అక్కడ, చువ్వలకు బయటి వైపున నా తువ్వాలు తగిలించి ఉంది. వేడిగాలికి అది జెండాలా ఎగురుతోంది.

"మామయ్యా! ఇది మీదేనా?"

"నాదే. ఊరికే పోతున్న గాలే కదమ్మా."

ఆమె తువ్వాలు పట్టుకుని చూసింది. అట్టముక్కలా ఆరిపోయింది. "ఎప్పుడు తడిపారు?"

"ఇందాకే. స్నానం చేసొచ్చి వేశాను. నీ కిటికీ గుణం నాకు బాగా తెలుసు. పొద్దునపూట వేశామా, ఆరబెట్టడం అటుంచి, ఇంకో గ్లాసెడు నీళ్ళు పట్టించి ఇస్తుంది. మధ్యాహ్నమైతే కళ్ళు మూసి తెరిచేలోపు ఆరబెట్టేస్తుంది. ముసలాడికి ఇంత మర్యాద చేసే కిటికీ ఇంకెక్కడుంది?"

ఆమె నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇక్కడ నేను మొదట కొట్టిన గొప్పను కాస్త దించుకోవాలి. సూర్యుణ్ణి పిలిచి దారి మళ్ళించాననీ, ఇంకేవో అన్నాను. నేను పిలిచిందీ లేదు, ఆయన వచ్చిందీ లేదు. ఇంటి వెనక దండెం దాకా నడవడానికి బద్ధకమేసి, దారిలో ఉందని తువ్వాలు ఆ చువ్వలకు తగిలించేవాణ్ణి. ఇందులో నేను చేసిన పరిశోధన అంతే. ఆ తర్వాత ఆలోచించిందంతా ఆ పిల్లే.

"పొద్దున ఆరదు," అంది తనలో తాను. "మధ్యాహ్నం ఆరుతుంది. కిటికీ అదే, గాలి అదే..." తువ్వాలు భుజాన వేసుకుని అటూ ఇటూ నడిచింది. "పొద్దున ముక్కలన్నీ తడిగా ఉంటాయి. గాలి వాటి నీళ్ళు తాగి, కడుపు నిండి బయటికొస్తుంది. ఇంక మీ తువ్వాల్లోని నీళ్ళెక్కడ తాగుతుంది? మధ్యాహ్నానికి ముక్కల పైతడి అయిపోతుంది. గాలికి లోపల తాగడానికి ఏమీ దొరకదు. వెళ్ళిన వేడి వెళ్ళినట్టే, దాహంతోనే బయటికొచ్చేస్తోంది." ఆమె నా వైపు తిరిగింది. "మామయ్యా, అంటే మధ్యాహ్నం నుంచి మనం సంఘం కరెంటు పెట్టి మీ తువ్వాలు ఆరబెడుతున్నాం!"

నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

అంతటితో ఊరుకుందా? లేదు. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ తడిపింది. బుల్లి పని చేసేటప్పుడు కట్టుకునే పైగుడ్డ, ఫ్యూజు తలకు చుట్టుకునే రుమాలు, రెండు దిండు గలీబులు, నా రెండో తువ్వాలు. కొన్ని కిటికీకి, కొన్ని ఎండలో దండేనికి, కొన్ని నీడలో. మాటిమాటికీ వెళ్ళి ఒక్కొక్కదాన్నీ చెంపకు ఆనించుకుని చూసి వస్తోంది. ఎండలో వేసిన గలీబు ఇంకా చల్లగా ఉండగానే కిటికీలో వేసింది పెళపెళలాడుతోంది. సరిగ్గా ఆ సమయంలోనే ప్రెసిడెంటమ్మ అటుగా వెళ్తూ ఆగింది.

"ఇది షెడ్డా, చాకిరేవా?"

"చూస్తున్నామండీ," అంది మా కోడలు, చెంపకు తడి రుమాలు ఆనించుకుని.

"ఏం చూస్తున్నారు?"

"కరెంటు ఎటు పోతోందోనని."

ప్రెసిడెంటమ్మ ఫ్యూజు రుమాలును పైనుంచి కిందికి చూసింది. ఏదో అనబోయి, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయింది.

*

దాహంతో పోతున్న గాలిని వెనక్కి పిలవాలి. అంటే కిటికీ నుంచి ఫ్యాను నోటి దాకా దారి కావాలి. మూల పడి ఉన్న పాత టార్పాలిన్ పట్ట తీసి, వదినా మరదళ్ళిద్దరూ చెరో వైపు కూర్చుని దబ్బనంతో కుట్టారు. సాయంత్రానికి అది పొడుగాటి పంట్లాం కాలులా తయారైంది. ఏ దేశపు మనిషికీ అంత పొడుగు కాలుండదని అంటే బుల్లి దారం తెంపి నా మీదికి విసిరింది. ఫ్యూజు నిచ్చెనెక్కి దాని ఒక నోరు కిటికీకి, ఇంకో నోరు ఫ్యానుకు తీగతో బిగించాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త చక్రాలు పరిచారు. కోడలికి ఒకటే ఆత్రం. ఫ్యాను వేసింది, హీటరు వేసింది, సందులన్నీ గుడ్డలతో కుక్కింది. "ఒక్క పిసరు వేడి కూడా బయటికి పోకూడదు," అంది.

పోలేదు. అదే కొంప ముంచింది.

కాసేపటికి షెడ్డు లోపల్నుంచి తీపి ఉడుకు వాసన మొదలైంది. కోడలు తలుపు తెరిచేసరికి గుప్పుమని ఆవిరి. కళ్ళజోడు లేనివాళ్ళకు కూడా కళ్ళజోడు మసకబారినట్టైంది. రేకు కప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారి ముక్కల మీద పడుతున్నాయి. ఒక బల్లి రెండు కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళతో విసురుకుంటూ, నన్ను చూసి సిగ్గుపడి పక్కకు తప్పుకుని బయటికి పోయింది. ముక్కలు ఎండలేదు సరికదా, చక్కగా ఉడికాయి. ఒకటి తీసి పట్టుకుంటే వేళ్ళ మధ్య జారిపోయింది.

కోడలు కుక్కిన గుడ్డలన్నీ ఒక్కొక్కటే పీకింది. టార్పాలిన్ కాలు తీగ విప్పింది. ట్రేలు బయటికి మోసి, ఉడికిన ముక్కల్ని గిన్నెల్లోకి దులిపింది. జామ్ చెయ్యడానికైనా పనికొస్తాయని ఫ్యూజు అంటే, "నువ్వు తిను," అంది. ఆ తర్వాత కడిగే తొట్టి దగ్గర కూర్చుని బుల్లితో పాటు ట్రేలు రుద్దడం మొదలుపెట్టింది.

"గాలిని మళ్ళిస్తే ఎండిపోతాయనుకున్నాను," అంది. "మతి లేని పని. అసలు ఆరకుండా ఎలా ఎండుతాయి?"

బుల్లి బ్రష్షు ఆపింది. "అదేంటి వదినా? రెండూ ఒకటేగా?"

"ఏ రెండూ?"

"ఆరడం, ఎండడం."

"ఒకటెలా అవుతాయి? మా అమ్మవాళ్ళింట్లో పండు కోస్తే ముందు ఆరబెడతాం. గాలికి, నీడలో. పైతడి పోయి చేతికి అంటుకోకుండా ఉంటే ఆరినట్టు. ఆ తర్వాత ఎండబెడతాం. ఎండడమంటే లోపలి దాకా."

"మా ఇంట్లో ఆరిందంటే అయిపోయినట్టే," అంది బుల్లి. "దండెం మీద చీర ఆరిందని అమ్మ కేకేస్తే, వెళ్ళి తీసి మడతపెట్టడమే. మళ్ళీ ఎండిందా అని ఎవరడుగుతారు?"

"చీరకు లోపలేముంది? పైనా బట్టే, కిందా బట్టే. దీనికి కడుపుంది కదా."

కోడలు చెప్పుకుంటూ పోయేదే. బుల్లి మొహం చూసి ఆగింది. నేను అక్కడే ఉన్నాను. పిలకలు పీకడం నేను కూడా ఆపాను.

"వదినా. ఆ రోజు, ఆ బూజు పట్టిన పెట్టెల రోజు... గుమ్మంలో నిలబడి నువ్వేమని కేకేశావ్?"

"ఆరాయి అని."

"ఆరాయి అనేనా?"

"ఆరాయి అనే. హీటరు వేద్దామని లోపలికి వెళ్తూ చెప్పాను. ఇంతలో ఎవరో పిలిస్తే తోటకి వెళ్ళాను. వచ్చేసరికి నువ్వు పెట్టెలకెత్తి మూతలు కూడా వేసేశావు. నువ్వు చూసుకునే పెట్టుంటావు, నా చెయ్యే తప్పు చూసిందేమో అనుకున్నాను."

బుల్లి చేతిలోని ట్రే కడిగినదే. మళ్ళీ నీళ్ళలో ముంచింది.

"మరి మీటింగులో నిన్ను నిలబెట్టి అడిగినప్పుడు ఏం చెప్పలేదేం?"

"ఏం చెప్పను? కేక నాదేగా."

బుల్లి లేచి పంపు కట్టేసి, తడి చేతులతోనే లోపలికి వెళ్ళిపోయింది. నేను నోరు విప్పబోతే కోడలు కళ్ళతోనే వద్దంది. అంత మంచి జోకు గొంతుదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

కోడలు మాత్రం తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు. వేలితో నీళ్ళ మీద ఏదో గీస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఆరడం. ఎండడం. ఒకసారి అటు, ఒకసారి ఇటు. తర్వాత గభాల్న లేచింది.

"మామయ్యా, మాటలు రెండున్నాయంటే పనులు కూడా రెండే. మనం రెండు పనులకూ ఒకే కిటికీ పెట్టాం. నిన్నటిదాకా ఎప్పుడూ తెరిచే ఉంచాం, ఇవాళ ఎప్పుడూ మూసే ఉంచాం. ఆరేటప్పుడు తెరవాలి. ఎండేటప్పుడు మూయాలి. అంతేగా?"

"అంతే," అన్నాను. నాకు సగమే అర్థమైంది. కానీ ఆ మొహం చూసి కాదనేవాడు మనిషే కాదు.

"ఎప్పుడు మూయాలో ఎలా తెలుస్తుంది?" అని తనే అడిగి, తనే నా భుజం మీది తువ్వాలు లాక్కుంది.

*

ఈసారి తొందరపడలేదు. పొద్దున చక్రాలు ఒకదానికొకటి తగలకుండా పలచగా పరిచారు. హీటరు జోలికి పోలేదు. కిటికీ బార్లా తెరిచి, కప్పు మీది పెట్టెల వేడిగాలి ఎంత వస్తే అంత రానిచ్చారు. కిటికీకి తడి తువ్వాలు వేలాడదీశారు. అది నీళ్ళు కారుతూ అలాగే ఉంది. "ఆరుతున్నాయి," అంది కోడలు, తువ్వాలును కాదు, ముక్కల్ని ఉద్దేశించి. మధ్యలో ట్రేలు తిప్పింది. ఫ్యాను దగ్గరివి కిటికీ వైపుకి, కిటికీ దగ్గరివి ఫ్యాను వైపుకి. తువ్వాలును గంటగంటకీ చెంపకు ఆనించుకుంటోంది. మీకు చెప్పకూడదు గానీ, నా తువ్వాలుకు అంత గౌరవం అంతకుముందెప్పుడూ జరగలేదు.

పొద్దు వాలే వేళకు తువ్వాలు కాస్త కాస్త ఆరడం మొదలుపెట్టింది. అప్పుడు హీటరు వేస్తుందనుకున్నాం. వెయ్యలేదు. ఫ్యాను కూడా ఆపి, అన్నీ మూసేసింది. "రాత్రికి వాటిని పడుకోనివ్వండి. లోపలి తడి మెల్లిగా అదే పైకొస్తుంది. పైన తోలు కట్టనివ్వలేదుగా ఈసారి."

"బూజు పడితే?" అన్నాడు ఫ్యూజు.

"పడితే వైరు నువ్వే పీకు," అంది. ఆ రాత్రి ఆమె నిద్రపోయిందో లేదో నాకు తెలీదు. నేను బాగానే పడుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి చూస్తే, నిన్న సాయంత్రం పొడిగా ఉన్న చక్రాలు మళ్ళీ కొంచెం మెత్తబడి, చెమటపట్టినట్టున్నాయి. ఆమె వాసన చూసింది, నాలిక మీద పెట్టుకుంది, నవ్వింది. ఫ్యాను వేసి కిటికీ తెరిచి, ఆ చెమట పోయేదాకా ఆగింది. మళ్ళీ తడిపి తగిలించిన తువ్వాలు ఎగిరి పెళపెళలాడగానే, "ఇప్పుడు," అంది. ఫ్యూజు టార్పాలిన్ కాలు బిగించాడు. ఈసారి సందులన్నీ కుక్కలేదు. కిటికీ పక్కన ఒక జానెడు ఖాళీ వదిలింది, లోపల మిగిలిన తడి అటు నుంచి మెల్లిగా పోవడానికి.

ప్రెసిడెంటమ్మ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకాశంలో మబ్బు కమ్ముకుంటోంది. ఆమె లోపలికి రాకుండా ముందు మీటరు దగ్గరికే వెళ్ళింది. మీటరు మీద ఒక ఎర్రచుక్క ఉంటుంది. కరెంటు ఎక్కువ తాగితే టకటకా కొట్టుకుంటుంది, తక్కువైతే నిదానంగా రెప్ప వేస్తుంది. ఆ రోజు అది నిద్రమత్తులో ఉన్నట్టుంది.

"హీటరు వెయ్యలేదా?"

"ఇంకా లేదండీ."

ప్రెసిడెంటమ్మ లోపలికొచ్చి ఒక చక్రం తీసింది. రెండు వేళ్ళతో నొక్కింది. అంటుకోలేదు. వంచింది. వంగింది. "అయిపోయాయిగా! ఇంకేం? పెట్టెలకెత్తెయ్యండి. మీటరు ఇంత తక్కువలో ఉండగానే ఆపేస్తే సాయంత్రం మీటింగులో నేను గట్టిగా మాట్లాడొచ్చు. ఎరువు బస్తాలవాళ్ళ నోరు మూతపడుతుంది."

మా కోడలు చెయ్యి హీటరు మీట మీద ఉంది. నేను చూశాను. మీట నొక్కితే ఎర్రచుక్క లేస్తుంది. నొక్కకపోతే షెడ్డు దక్కుతుంది. కావాలనుకున్నది చేతికందేంత దూరంలో ఉంది. ఆమె పెదవి కొరుక్కుంది. చెయ్యి మీట మీద నుంచి తియ్యలేదు, నొక్కనూ లేదు.

"ఏమ్మా, ఎత్తేస్తావా?" ప్రెసిడెంటమ్మ బుల్లి వైపు తిరిగింది.

బుల్లి చేతిలో పెట్టె మూత ఉంది. ఆమె ట్రే దగ్గరికి వచ్చి ఒక చక్రం తీసి, మధ్యకు చించి, నొక్కి, చించిన వైపు ప్రెసిడెంటమ్మకు చూపించింది. అంచున సన్నటి తడి మెరుస్తోంది.

"ఇవి ఆరాయండీ. ఎండలేదు."

"రెండిటికీ తేడా ఏముంది?"

"పోయినసారి నాకు కూడా తెలీదు." బుల్లి గొంతు సన్నగానే ఉంది గానీ ఆగలేదు. "పోయినసారి కూడా వదిన ఆరాయనే కేకేసింది. ఎండాయని అనుకుని పెట్టెలకెత్తింది నేను. చూడకుండా ఎత్తాను. మీరు మీటింగులో నిలబెట్టాల్సింది నన్ను."

అని పెట్టె మూత పెట్టి, దాని మీద కూర్చుంది. ఇంక ఆ పెట్టె తెరవాలంటే ఆమెను లేపాలి. మా ఇంట్లో ఆమెను లేపగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

ప్రెసిడెంటమ్మ మొదటిసారి గొడుగు మూసింది.

మా కోడలు మరదలి వైపు చూసింది. మీట నొక్కింది.

ఎర్రచుక్క ఉలిక్కిపడి లేచి టకటకలాడింది. ప్రెసిడెంటమ్మ మీటరు దగ్గరే నిలబడి దాన్నే చూస్తోంది. అందరం చూస్తున్నాం. కాసేపటికి లోపల 'టక్' మని ఏదో చప్పుడు. ఎర్రచుక్క మళ్ళీ నిదానించింది.

"ఆగిపోయిందేం? చెడిపోయిందా?"

"చెడిపోలేదండీ," అన్నాడు ఫ్యూజు. "వేడి చాలితే అదే ఆగుతుంది. తగ్గితే మళ్ళీ అదే అందుకుంటుంది."

"ఇదివరకు ఎప్పుడూ ఆగడం చూళ్ళేదే?"

"ఇదివరకు ఎప్పుడూ చాలేది కాదండీ. వేసిన వేడి వేసినట్టు బయటికి పోయేది."

"ఎక్కడికి?"

అందరూ తిరిగి నా భుజం మీది తువ్వాలు వైపు చూశారు. నేను దాన్ని మర్యాదగా మడతపెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆమె కుర్చీ అడిగింది. కూర్చుంది కూడా. 'టక్' అన్నప్పుడల్లా మెడ చాచి ఎర్రచుక్కను చూస్తూ, "అదిగో, మళ్ళీ పడుకుంది," అంటూ, మీటింగు సంగతి మర్చిపోయింది. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో టార్పాలిన్ కాలు వెంట వేలు పెట్టి చూపించమంది. జానెడు ఖాళీ ఎందుకు వదిలారో అడిగింది. తడి ఎక్కువైతే ఎలా తెలుస్తుందో అడిగింది. కోడలు అన్నీ చెప్పింది. ఉడికిన ముక్కల సంగతి కూడా దాచలేదు.

దీపాలు పెట్టే వేళకు కోడలు ట్రేల వరసంతా తిరిగి, పైది ఒకటి, కిందిది ఒకటి, మూలది ఒకటి చించి చూసింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బుల్లీ, ఎండాయి."

"ఏమన్నావ్ వదినా?"

"ఎండాయన్నాను."

"సరిగ్గా వినపడలేదు."

"ఎండాయే తల్లీ! ఎండాయి, ఎండాయి, ఎండాయి! నీ చెవిలో కూర్చుని చెప్పమంటావా?"

బుల్లి అప్పుడు పెట్టె మీద నుంచి లేచింది. లేచి, తన వంతుగా ఒక చక్రం చించి చూసుకుని, అప్పుడు మూత తీసింది.

ప్రెసిడెంటమ్మ కూడా లేచింది. ఒక చక్రం నోట్లో వేసుకుని మెల్లిగా నమిలింది. "వైరు అలాగే ఉండనీ," అంది ఫ్యూజుతో. గుమ్మం దాకా వెళ్ళి, మా కోడలి వైపు తిరిగి, "బాగుందమ్మా," అంది. గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి మధ్యాహ్నంపూట ఆ కిటికీ మూసే ఉంటోంది. నా తువ్వాలుకు ఆ మర్యాద పోయింది. ఇంటి వెనక దండెం దాకా నడవాల్సి వస్తోంది. లోకం మేలు కోసం ఒకడు ఎంత నడవాలో చూశారా?

ఇదంతా రాశాక మా కోడలికి చదివి వినిపించాను. ఆమె చేతులకు నూనె రాసుకుంటూ వింది. చివరికొచ్చేసరికి తలెత్తి, "ఆవిడ అలా ఎప్పుడందీ మామయ్యా?" అని అడిగింది.

నిజమే. అనలేదు. 'వైరు అలాగే ఉండనీ' దాకా జరిగింది. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు. నోట్లోది అయిపోగానే ట్రే దగ్గరికి వెనక్కి వచ్చి ఇంకో చక్రం తీసుకుని, నములుకుంటూ వెళ్ళిపోయింది. 'బాగుందమ్మా' అన్న ఆ ఒక్క మాట నేను పెట్టాను. ఎవరో ఒకరు అనాలి కదా.

బల్లి సంగతి మాత్రం నిజం.